"ఎందుకంటే" ఎక్కడ ఆగిపోయింది? నాలుగో తరగతి పాప నోటుపుస్తకం మీద ఒక కేస్ స్టడీ

ఒకే రోజు, ఒకే పేజీలో ఉన్న రెండు రాతలతో మొదలుపెడతాను.

పైన ఇలా ఉంది: "లెక్కలు. తీసివేతలు చేశాం. బాగుంది."

కింద ఇలా ఉంది: "గేమ్స్. బంతి రింగులో వేయాలి. 6 సార్లు వేశాను. మొదటి 3 పడలేదు ఎందుకంటే చేతులతోనే విసిరాను. సార్ మోకాళ్ళు వంచమన్నారు. వంచితే బంతి పైకి వెళ్ళింది. నాలుగోది పడింది. ఐదోది పడలేదు ఎందుకంటే తొందరపడ్డాను. ఆరోది రింగుకి తగిలింది. ఈసారి ఇంకొంచెం దగ్గర నుంచి వేసి చూస్తా."

రాసింది తొమ్మిదేళ్ళ పాప. ఆ రోజు తీసివేతల్లో తనకి 10కి 4 వచ్చాయి. నాలుగు మాటల్లో "బాగుంది" అని తేల్చేసిన పిల్లే, పడని ఒక్కో బంతికీ ఒక్కో కారణం వెతికింది. ఈ తేడా ఎందుకొచ్చిందో తెలుసుకోవడానికి నాకు 14 వారాలు పట్టింది. పాపనీ వాళ్ళమ్మనీ అడిగి, వాళ్ళు సరేనన్న పేజీల నుంచే ఇది రాస్తున్నాను.

పాప, నోటుపుస్తకం

నేను ప్రైమరీ టీచర్‌ని. నాలుగో తరగతికి లెక్కలు, భాష, సైన్సు నేనే చెబుతాను. వారానికి రెండు గేమ్స్ పీరియడ్లు ఉంటాయి, వాటిని పీటీ సార్ చూసుకుంటారు. టర్మ్ మొదట్లో పిల్లలందరికీ ఒక్కో చిన్న నోటుపుస్తకం ఇచ్చి, రోజూ చివరి 10 నిమిషాలు ఆ రోజు గురించి రాయమన్నాను. మార్కులుండవు, అక్షర దోషాలు దిద్దను అని మాటిచ్చాను.

ఈ పాప ఇబ్బంది పెట్టే పిల్ల కాదు. ముందు బెంచీలో కూర్చుంటుంది, చెప్పింది రాసుకుంటుంది, "అర్థమైందా?" అంటే అందరికంటే ముందు తలూపుతుంది. అందుకే చాలా రోజులు నా దృష్టి తన మీద పడలేదు. గొడవ చేయని పిల్లలకు పాఠం వచ్చేసిందనుకోవడం టీచర్లకు అలవాటైపోతుంది. నాకూ అయింది.

మూడు వారాలయ్యాక పుస్తకాలన్నీ ఇంటికి తీసుకెళ్ళి తీరిగ్గా చదివాను. ఈ పాప పుస్తకంలో ఒక మాట పట్టుకుని లెక్కపెట్టాను. గేమ్స్ గురించి 6 రాతలుంటే వాటిలో "ఎందుకంటే" 9 సార్లు ఉంది. క్లాసు గురించి 15 రాతలుంటే ఒక్కసారి కూడా లేదు.

ఆటంటే ఇష్టం, లెక్కలంటే ఇష్టం లేదు, అంతే అనుకున్నాను మొదట. కానీ బొమ్మలు వేయడమంటే ఆ పాపకి ప్రాణం. బొమ్మల గురించి రాసిన చోట కూడా "బాగుంది" దగ్గరే ఆగిపోయింది. అంటే ఇష్టం ఒక్కటే కారణం కాదు.

తప్పు వెనక ఉన్న నియమం

ముందు తీసివేతల సంగతి చూడాలనుకున్నాను. 503 − 268కి పాప 365 రాసింది. 602 − 347కి 345 రాసింది. తప్పులన్నీ పక్కపక్కన పెట్టుకుంటే విషయం తెలిసిపోయింది. ఒకట్ల స్థానంలో 3లోంచి 8 పోదు కాబట్టి 8లోంచి 3 తీసేసింది. పదుల స్థానంలో పైన 0, కింద 6 ఉంటే 6లోంచి 0 తీసేసింది. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయడమే. 586 − 243 లాంటి లెక్కల్లో, అంటే అప్పు తీసుకోనక్కర్లేని చోట, ఈ నియమంతో సరైన జవాబే వస్తుంది. తనకి వచ్చిన 4 మార్కులూ అలాంటి లెక్కలవే. ఒప్పు వచ్చిన ప్రతి లెక్కా ఆ తప్పు నియమం సరైనదేనని పాపకి నమ్మకం కలిగిస్తూ వచ్చింది.

జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ 1978లో ఈ విషయం మీద రాశారు. పిల్లల తీసివేతల్లో చాలా తప్పులు ఏదో ఒక పద్ధతి ప్రకారమే వస్తాయని, ఆ పద్ధతి పట్టుకుంటే తర్వాతి లెక్కకి పిల్లలు ఏ తప్పు జవాబు రాస్తారో ముందే చెప్పవచ్చని చూపించారు. నేనూ ప్రయత్నించాను. 704 − 259 ఇచ్చి, పాప చేసేలోపు నా కాగితం మీద 555 అని రాసుకున్నాను. తనూ 555 రాసింది.

ఆ రోజు చాలా బాధేసింది. మూడు వారాలుగా ఆ లెక్కల పక్కన ఇంటూ కొట్టి "జాగ్రత్తగా చెయ్యి" అని రాస్తూ వచ్చాను. ఆ పిల్ల జాగ్రత్తగానే చేస్తోంది.

"బంతి పడకపోతే నాకే కనిపిస్తుంది"

నాలుగో వారంలో ఒక రోజు పాపని పక్కన కూర్చోబెట్టుకుని పుస్తకం తెరిచాను. "బంతి గురించి ఇంత బాగా రాశావు కదమ్మా, తీసివేతల గురించి ఎందుకు రాయలేదు?" అని అడిగాను.

కాసేపు ఆలోచించింది. "బంతి పడకపోతే నాకే కనిపిస్తుంది టీచర్. లెక్క తప్పో కాదో మీరు దిద్దేదాకా తెలీదు కదా. ఏం రాయాలి?"

"మరి దిద్దాక?"

"అప్పటికి ఆ లెక్క అయిపోతుంది."

ఆటలు నేర్పేవాళ్ళు దీన్ని రెండుగా విడదీసి చూస్తారు. ఆడే మనిషికి తన కళ్ళు, చెవులు, ఒళ్ళు వెంటనే చెప్పేది ఒకటి, కోచ్ చెబితే తెలిసేది ఇంకొకటి. రింగుకి తగిలి బంతి బయటపడిన చప్పుడు మొదటిది. "మోకాళ్ళు వంచు" అన్న సార్ మాట రెండోది. గ్రౌండ్‌లో పాపకి రెండూ అందుతున్నాయి, పైగా మళ్ళీ విసిరే అవకాశం ఉంది. నా క్లాసులో మొదటిది లేనే లేదు. రెండోది మర్నాడు ఎర్ర ఇంకుతో వస్తుంది. మళ్ళీ చేసే అవకాశం లేదు.

తన ఆలోచనని తనే గమనించుకోవడం గురించి జాన్ ఫ్లావెల్ 1979లో రాసిన వ్యాసంలో ఒక ప్రయోగం ఉంది. పిల్లలకు కొన్ని వస్తువులిచ్చి, అన్నీ గుర్తున్నాయని నమ్మకం కుదిరేవరకు చూసుకోమన్నారు. కొంచెం పెద్ద పిల్లలు "రెడీ" అంటే చాలావరకు నిజంగానే గుర్తుండేవి. బాగా చిన్నవాళ్ళు కూడా "రెడీ" అనేవాళ్ళు, కానీ చాలావరకు గుర్తుండేవి కావు. మా పాప తలూపడం కూడా ఇలాంటిదే, అది అబద్ధం కాదు. అయితే ఇదే పాప గ్రౌండ్‌లో తనని తాను అంత బాగా గమనించుకుంటోంది. కాబట్టి దీన్ని వయసు మీదకి తోసేయలేం. క్లాసులో గమనించుకోవడానికి తన చేతికి నేను ఏమీ ఇవ్వలేదు.

తీసివేతకి కూడికే రింగు. వచ్చిన జవాబునీ తీసేసిన సంఖ్యనీ కలిపితే మొదటి సంఖ్య రావాలి. 365నీ 268నీ కలపమన్నాను. 633 వచ్చింది. పైకి చూస్తే 503 ఉంది.

"బయటికి పోయింది టీచర్" అంది. ఆ మాట నేను నేర్పింది కాదు.

కూడి చూస్తే తప్పని తెలుస్తుంది గానీ ఒప్పు ఎలా చేయాలో తెలీదు. దానికి పుల్లల కట్టలు తీశాను. 503లో పదుల చోట సున్నా ఉంది, అప్పు ఇవ్వడానికి అక్కడ ఏమీ లేదు. కాబట్టి ఒక వంద కట్ట విప్పి పది పదులు చేయాలి, అందులో ఒక పది విప్పి పది ఒకట్లు చేయాలి. ఇది రెండు రోజుల పని. తొందరపెట్టలేదు. రెండో రోజు సాయంత్రం పుస్తకంలో ఇలా ఉంది: "503 అంటే 4 వందలు 9 పదులు 13 ఒకట్లు కూడా. రెండూ ఒకటే ఎందుకంటే కట్ట విప్పితే పుల్లలు ఎక్కడికీ పోవు."

క్లాసు గురించి పాప రాసిన మొదటి "ఎందుకంటే" అది.

దాంతో నా పద్ధతి కూడా మార్చుకున్నాను. ఇంటూలు మానేశాను. చూడాల్సిన లెక్క పక్కన పెన్సిల్‌తో చుక్క పెడతాను, పిల్లలు సరిచూసుకుని రెండోసారి చేశాకే మార్కు వేస్తాను. రోజు చివర అడిగే ప్రశ్న కూడా మార్చాను. "ఈ రోజు ఏం నేర్చుకున్నావు?" అంటే పిల్లలు పాఠం పేరు రాసి ఊరుకుంటున్నారు. "ఎక్కడ ఆగావు? ఏం మార్చి చూశావు?" అంటే జరిగింది రాస్తున్నారు.

నేను చేసిన పొరపాటు

పుల్లల వాక్యం చదివి ఆనందం పట్టలేకపోయాను. మర్నాడు క్లాసులో అందరికీ చదివి వినిపించాను. పాపని అడగలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో బంతి పేజీ కూడా చదివాను. "తొందరపడ్డాను" దగ్గర కొందరు నవ్వారు.

తర్వాత 8 రోజులు పుస్తకంలో "బాగుంది" తప్ప ఏమీ లేదు. గేమ్స్ కింద కూడా అదే.

మార్కులుండవని, దిద్దనని మాటిచ్చానే గానీ, ఎవరికీ చదివి వినిపించనని నేను చెప్పలేదు. పాప అది చెప్పనక్కర్లేని మాట అనుకుంది. పాప అనుకున్నదే న్యాయం. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం పిల్లలకు తమ అభిప్రాయం చెప్పుకునే హక్కు ఇస్తుంది. అదే ఒడంబడికలో 16వ అధికరణం వాళ్ళ స్వంత విషయాల్లో ఇతరులు తలదూర్చకుండా కాపాడుతుంది. పిల్లల మాట వినాలన్న ఉత్సాహంలో నేను రెండోదాన్ని పట్టించుకోలేదు. మెచ్చుకోవడానికే చదివాను కదా అని నాకు నేను సర్దిచెప్పుకోబోయాను, కానీ ఆ 8 పేజీలు చూశాక అలా సర్దుకోలేకపోయాను.

పాపకి విడిగా సారీ చెప్పాను. తర్వాత క్లాసుకంతా ఒక ఏర్పాటు చేశాను: పేజీ మూల మడిస్తే నేను కూడా చదవను. మొదటి వారం ఈ పాప ప్రతి పేజీ మడిచింది. రెండో వారం నుంచి మడతలు తగ్గాయి. పిల్లల రాతలతో పనిచేయాలనుకునే టీచర్లకు నేను గట్టిగా చెప్పే మాట ఇదే: ఈ ఏర్పాటు నాలా తర్వాత కాదు, మొదటి రోజే చేయండి.

బేటన్ పడిన రోజు

ఏడో వారంలో రిలే పెట్టారు. జట్టుకి నలుగురు. పాప మూడో రన్నర్. రెండో అమ్మాయి దగ్గర అందుకునేటప్పుడు బేటన్ కింద పడింది, జట్టు చివరగా వచ్చింది. జట్టులో ఇద్దరు అందరి ముందే గట్టిగా తిట్టారు.

ఆ రోజు పేజీ మడవలేదు. "రిలే. నా వల్ల ఓడిపోయాం." అంతే ఉంది.

ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తప్పు కళ్ళెదుటే జరిగింది, పక్కన సార్ కూడా ఉన్నారు, అయినా "ఎందుకంటే" లేదు. కనిపించే తప్పు నేర్పుతుంది, కనిపించని తప్పు నేర్పదు అని నేను కట్టుకున్న వివరణ ఇక్కడ సరిపోలేదు. ఆలోచిస్తే తేడా ఇంకోచోట ఉంది. బంతి విసిరినప్పుడు ఎవరూ పనిగట్టుకుని పాపని చూడటం లేదు, వెంటనే ఇంకో బంతి ఉంది. రిలేలో అందరూ చూశారు, మళ్ళీ పరిగెత్తే వీలు లేదు. నా క్లాసులో బోర్డు దగ్గరికి పిలిచి చేయించే లెక్క కూడా అచ్చం ఇలాంటిదే. గ్రౌండ్ మంచిది, క్లాసు చెడ్డది అని కాదు. తప్పు ఎవరి ముందు జరుగుతోంది, ఆ తర్వాత ఏం చేయనిస్తున్నాం అన్నదే తేడా.

ఆటలు పిల్లల్లో ధైర్యం పెంచుతాయని తేలిగ్గా అనేస్తుంటాం. ఆ సాయంత్రం మాత్రం ఆట ఒక పిల్ల ధైర్యాన్ని తీసేసింది.

పీటీ సార్ చేసిన పని నాకు ఎంతో నచ్చింది. ఆయన ఓదార్చలేదు, జట్టుని మందలించలేదు. తర్వాతి పీరియడ్‌లో పరుగు పక్కన పెట్టి, పిల్లల్ని జతలుగా నిలబెట్టి బేటన్ ఇచ్చిపుచ్చుకోమన్నారు. మొదట నిలబడి, తర్వాత నడుస్తూ, ఆ తర్వాత మెల్లగా పరిగెత్తుతూ. పడిన ప్రతిసారీ జతలో ఇద్దరూ కలిసి కారణం చెప్పాలి. ఆ రోజు పాప అర పేజీ రాసింది: "20 సార్లు ఇచ్చుకున్నాం. 4 సార్లు పడింది. ఒకసారి తను ముందే వదిలేసింది, నేను ఇంకా పట్టుకోలేదు. ఒకసారి నేను వెనక్కి చూశాను, చెయ్యి కదిలిపోయింది. బేటన్ పడితే ఒక్కళ్ళ తప్పు కాదు ఎందుకంటే అది ఒకేసారి ఇద్దరి చేతుల్లో ఉంటుంది."

ఆ మాట పట్టుకుని నేనూ బోర్డు దగ్గరికి ఒక్కరిని పిలవడం మానేశాను. ఇద్దరు వస్తారు. ఒకరు చేస్తారు, ఒకరు కూడి సరిచూస్తారు. సరిపోకపోతే ఎక్కడ జారిందో ఇద్దరూ కలిసి వెతుకుతారు.

చోటు మారితే పడట్లేదు

ఎనిమిదో వారం పుస్తకంలో: "ఒకే చోటు నుంచి వేస్తే పడుతోంది. సార్ చోటు మార్చారు. పడట్లేదు. కోపం వచ్చింది."

ఎందుకు మార్చారని సార్‌ని అడిగితే, కెర్, బూత్ అనే ఇద్దరు 1978లో పిల్లలతో చేసిన ప్రయోగం గురించి చెప్పారు. చిన్న సంచుల్ని గురి చూసి వేయడం అందులో ఆట. ఎనిమిదేళ్ళ పిల్లల్లో ఒక గుంపు 3 అడుగుల దూరం నుంచే సాధన చేసింది. ఇంకో గుంపు 2 అడుగులు, 4 అడుగుల నుంచి చేసింది, 3 అడుగుల నుంచి అసలు వేయలేదు. చివర్లో అందరికీ 3 అడుగుల నుంచి పరీక్ష పెడితే, ఆ దూరం నుంచి ఒక్కసారీ వేయని గుంపే మెరుగ్గా వేసింది.

ఇది విని నా వర్క్‌షీట్లు గుర్తొచ్చాయి. పదికి పది లెక్కలూ ఒకే రకం. మూడో లెక్క దాటాక పిల్లలు ఏం చేయాలో ఆలోచించనక్కర్లేదు, చెయ్యి అలా వెళ్ళిపోతుంది. లెక్కల్లోనూ ఇలాంటి ప్రయోగం జరిగింది. టేలర్, రోరర్ 2010లో నాలుగో తరగతి పిల్లలకు లెక్కల రకాలు కలగలిపి ఇచ్చి చూశారు. సాధన చేసేటప్పుడు ఆ పిల్లలకే తప్పులు ఎక్కువ వచ్చాయి. మర్నాటి పరీక్షలో మాత్రం, ఒక్కో రకం విడివిడిగా చేసిన పిల్లలకంటే వాళ్ళకి దాదాపు రెట్టింపు వచ్చాయి.

నేనూ కలిపి ఇవ్వడం మొదలుపెట్టాను. కూడిక పక్కన తీసివేత, అప్పు ఉన్నదాని పక్కన లేనిది, మధ్యలో ఒక గుణకారం. అప్పటికి 7కి చేరిన పాప మార్కులు 5కి పడ్డాయి. రెండు వారాలు అక్కడే ఉన్నాయి.

వాళ్ళమ్మ టెన్షన్ పడుతూ వచ్చారు. "ఈ మధ్యే కుదురుకుంటోంది అనుకున్నాం. కావాలంటే గేమ్స్ మానిపించి ఆ పీరియడ్‌లో లెక్కలు చేయించండి టీచర్" అన్నారు. ఆవిడ ఆందోళనలో తప్పేమీ లేదు. నేను జవాబు వెతుక్కునేలోపు పాపే అంది: "చోటు మార్చినప్పుడు బంతి కూడా పడలేదు అమ్మా. తర్వాత పడింది." పుస్తకం తెచ్చి తనే చూపించింది.

గేమ్స్ మానిపించడం గురించి ఆవిడతో వివరంగా మాట్లాడాను. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్ళు బాగా కదిలే ఆట, పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మా రెండు పీరియడ్లు దానికి ఏ మూలకీ రావు. చార్లెస్ హిల్‌మన్ బృందం 2009లో తొమ్మిది పదేళ్ళ పిల్లల్ని 20 నిమిషాలు చురుగ్గా నడిపించి, ఆ తర్వాత చూస్తే, ఊరికే కూర్చున్న రోజుకంటే దృష్టి నిలపడంలో, చదివి అర్థం చేసుకోవడంలో మెరుగ్గా ఉన్నారు. ఒక్క నడక తర్వాత కాసేపు కనిపించిన ఫలితం అది, అంతకు మించి నేను దాని నుంచి లాగను. కానీ లెక్కల కోసం గేమ్స్ తీసేస్తే లెక్కలు బాగుపడతాయనడానికి మాత్రం నాకు ఆధారం కనిపించలేదు. గతంలో హోంవర్క్ చేయని పిల్లల్ని గేమ్స్ పీరియడ్‌లో క్లాసులో కూర్చోబెట్టాను. ఇప్పుడు ఆ పని చేయను.

ఇప్పటికి ఎక్కడున్నాం

13వ వారం టెస్టులో, రకాలు కలిపి ఇచ్చిన 10 తీసివేతల్లో పాప 8 సరిగ్గా చేసింది. తప్పయిన రెండింటిలో ఒకదాని పక్కన పెన్సిల్‌తో "కూడితే రాలేదు" అని రాసి ఉంది, మళ్ళీ చేసేలోపు టైం అయిపోయింది. చివరి మూడు వారాల్లో మడవని పేజీల్లో క్లాసు గురించి "ఎందుకంటే" 7 సార్లు ఉంది. నాకు ఆ 8 మార్కులకంటే ఈ 7 ఎక్కువ.

మాటల్లో ఇచ్చే లెక్కలు మాత్రం ఇంకా రాలేదు. "45 బంతులు ఉండాలి, 28 ఉన్నాయి, ఇంకా ఎన్ని కావాలి?" అంటే "ఇంకా" చూసి కూడేస్తుంది, 73 అంటుంది. ఇక్కడ నేను నేర్పిన రింగు కూడా మోసం చేస్తుంది. 73లోంచి 28 తీస్తే 45 వస్తుంది కాబట్టి పాపకి అంతా సరిపోయినట్టే కనిపిస్తుంది. లెక్క చేసే ముందే "జవాబు 45 కంటే ఎక్కువ ఉండొచ్చా?" అని అడుగుతున్నాను, బొమ్మ గీయిస్తున్నాను. ఫలితం చెప్పడానికి ఇంకా సమయం పడుతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ పాపకి రాయడం ఇష్టం కాబట్టి పుస్తకం పనిచేసింది. పక్కన కూర్చునే అమ్మాయి క్లాసులో అందరికంటే వేగంగా పరిగెడుతుంది, కానీ రాయమంటే నీరుగారిపోతుంది. తన రోజు గురించి రెండు నిమిషాలు నాకు నోటితో చెబుతుంది, నేను రాసిపెడతాను. నోటితో అయితే ఆ అమ్మాయికీ "ఎందుకంటే" లు బోలెడు.

14వ వారంలో భిన్నాలు మొదలుపెట్టాం. పాప పుస్తకంలో చివరి పేజీ ఇది: "1/3 పెద్దదా 1/4 పెద్దదా అంటే 1/4 అన్నాను ఎందుకంటే 4 పెద్దది. టీచర్ ఏం చెప్పలేదు. కాగితాలు మడిచి చూశాను. 1/3 పెద్దది. 4 ముక్కలు చేస్తే ఒక్కోటి చిన్నది అయిపోతోంది. రేపు 1/5 మడుస్తా."

మూడు సమాన భాగాలుగా మడవడం సగానికి మడిచినంత తేలిక కాదు. ఆ కాగితాన్ని కూడా పేజీకి అంటించింది. దాని మీద కుదరని మడతలు ఐదు ఉన్నాయి.